ఒకే గొట్టంలో నీళ్లూ గాలీ

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చిక్కబళ్లాపురంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"జీవితంలో పైకి రావడం ఎలా" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. ఆ విషయం మీద నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నాకు తెలిసింది ఒకే ఒక్కటి. అడ్డంగా పడుకోబెట్టిన గొట్టంలో నీళ్లూ గాలీ కలిసి పోతుంటే ఏం జరుగుతుంది? దాన్ని ముందుగా లెక్క కట్టి చెప్పగలమా? నా ఉద్యోగ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఈ రోజు దాని గురించే చెబుతాను. మీ చదువుకు పనికొచ్చే మాట ఏదైనా ఉంటే అందులోనే దొరుకుతుంది.

ఈ పాఠం నాకు కాలేజీలో మొదలు కాలేదు. మా చేనిలోని కంప్రెసర్ బోరు దగ్గర మొదలైంది. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బోర్లలో నీళ్లు తగ్గి మామూలు మోటారుకు అందనప్పుడు మన వైపు రైతులు కంప్రెసర్ పెట్టించుకునేవాళ్లు. సన్న గొట్టంలోంచి గాలిని బోరు అడుగుకు తోస్తే, ఆ బుడగలు నీళ్లలో కలిసి నీటి కంబం తేలికవుతుంది. తేలికైన నీళ్లు పైకి లేచి వస్తాయి. అయితే ధారగా రావు. గుక్క నీళ్లు, గుక్క గాలి, మళ్లీ గుక్క నీళ్లు. బోరు దగ్గుతోంది అనేవాళ్లం.

ఆ నీళ్లను మల్బరీ తోట దాకా రెండంగుళాల నల్ల ప్లాస్టిక్ పైపులో తీసుకుపోయేవాళ్లం. నీటి ముద్ద వచ్చిన ప్రతిసారీ మలుపు దగ్గర పైపు ఎగిరి పడేది. మా నాయన ఆ మలుపు మీద ఒక బండరాయి పెట్టాడు. చిన్న రాయి పెడితే దొర్లిపోయింది, పెద్దది పెడితే నిలిచింది. "ఎంత రాయి పెట్టాలో నీకెట్ల తెలుసు నాయనా?" అని అడిగాను. "పైపే చెప్తాది కదప్పా" అన్నాడు. ఆ రాయి బరువును కాగితం మీద ముందే కట్టవచ్చునని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

ఇప్పుడు గొట్టంలోకి వద్దాం. గాలీ నీళ్లూ కలిసి పోయేటప్పుడు అవి రకరకాలుగా సర్దుకుంటాయి. రెండూ నెమ్మదిగా పోతుంటే నీళ్లు అడుగున, గాలి పైన, రెండు పొరలుగా పోతాయి. గాలి వేగం పెరిగితే నీటి మీద అలలు లేస్తాయి. నీళ్లు కూడా తగినంత ఉంటే ఏదో ఒక అల గొట్టం పైకప్పును తాకి దారి మూసేస్తుంది. వెనకనున్న గాలి ఆగదు, ఆ అలను ముందుకు నెడుతుంది. దారిలో ఉన్న నీళ్లను కూడా కలుపుకుంటూ అది ముద్దలా పరిగెడుతుంది. దీన్ని ఇంగ్లీషులో స్లగ్ అంటారు. తుపాకీ గుండుకు కూడా ఆ భాషలో అదే మాట ఉంది. మన మాటల్లో నీటి ముద్ద అనుకుందాం. నీళ్లు చాలా తక్కువగా ఉండి గాలి వేగం మరీ ఎక్కువైతే ముద్ద కట్టదు. నీళ్లు గొట్టం గోడకు చుట్టూ పూతలా అంటుకుని, మధ్యలో గాలి పోతుంది.

అల ఎందుకు లేస్తుంది? గాలివానలో రేకుల ఇంటి కప్పు ఎగిరిపోవడం మీరంతా చూసి ఉంటారు. కప్పు పైన గాలి వేగంగా పోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. లోపలి గాలి రేకును పైకి తోస్తుంది. గొట్టంలోనూ అంతే. అల కొంచెం లేవగానే దాని పైన గాలికి దారి ఇరుకవుతుంది. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, అల ఇంకా లేస్తుంది. భూమ్యాకర్షణ మాత్రం దాన్ని కిందికి లాగుతుంటుంది. గాలి గెలిస్తే ముద్ద కడుతుంది. ఆకర్షణ గెలిస్తే అల అణిగిపోతుంది.

ఈ కుస్తీని లెక్కగా రాసినవారు హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డక్లర్, టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన తైటెల్. 1976లో వచ్చిన వారి వ్యాసాన్ని ఈ రంగంలో ఈనాటికీ చదువుతారు. పొరలుగా పోయే ప్రవాహంలో నీటి మట్టం గొట్టంలో ఎంత ఎత్తున ఉంటుందో ముందు కట్టాలి. ఆ మట్టం మీద అల నిలుస్తుందా, పెరుగుతుందా అని తరువాత చూడాలి. పెరిగితే మూడో మెట్టు: నీటి మట్టం గొట్టంలో సగానికి పైన ఉంటే ముద్ద కడుతుంది, సగానికి లోపైతే గోడకు పూతలా పోతుంది. మొదటి రూపంలో వారు చెప్పింది ఇదే. నీళ్లు తక్కువైతే అల కప్పుదాకా చేరడానికి సరుకు చాలదన్నమాట.

అంతకు ముందు పటాలు ఉండేవి. 1954లో ఓవిడ్ బేకర్ అనే ఇంజినీరు ఒక పటం గీశారు. 1974లో మంధానే, గ్రెగరీ, అజీజ్ అనే ముగ్గురు వేలాది కొలతలను పోగుచేసి ఇంకొకటి గీశారు. అడ్డంగా గాలి వేగం, నిలువుగా నీటి వేగం. మీ చుక్క ఏ గడిలో పడితే గొట్టంలో ఆ రకం ప్రవాహం. చూడడానికి చాలా సులభం. సులభమైనదాన్ని నమ్మేముందు ఒక ప్రశ్న అడగాలని నాకు తెలియలేదు. నా తప్పు కథ ఇక్కడే చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సహజవాయువు తెచ్చే ఒక గొట్టం లెక్క నాకు అప్పగించారు. ఆ వాయువుతో పాటు కొంచెం ద్రవం కూడా వస్తుంది. గొట్టం చివర ఆ ద్రవాన్ని పట్టుకునే పాత్ర ఎంత పెద్దదిగా ఉండాలో నేను చెప్పాలి. పటం తీశాను. చుక్క పెట్టాను. పొరలుగా పోతుందని వచ్చింది. ముద్దలు రావని రాసి, చిన్న పాత్ర చాలన్నాను. కాగితాలు నీటుగా ఉన్నాయి. సంతకం పెట్టాను.

గొట్టం పని మొదలైన కొన్ని వారాలకు వాయువు వేగం పెంచారు. అప్పటిదాకా పల్లాల్లో నిలిచి ఉన్న ద్రవమంతా ఒక్కసారిగా కదిలి వచ్చింది. పాత్ర నిండిపోయింది. అలారాలు మోగాయి. రక్షణ కవాటాలు మూసుకుని ప్లాంటు మొత్తం ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అది యంత్రాలు పెట్టిన భిక్ష, నా లెక్క గొప్పతనం కాదు.

మా పై ఇంజినీరు నన్ను కేకలేయలేదు. రెండు ప్రశ్నలు అడిగారు. "ఈ పటం ఏ పైపులో కొలిచి గీశారు?" నాకు తెలియదు. చూస్తే ఎక్కువ కొలతలు కొద్ది అంగుళాల పైపుల్లో, గాలీ నీళ్లతో, తక్కువ ఒత్తిడిలో తీసినవి. మాది రెండడుగుల పైపు, అధిక ఒత్తిడి. "మన పైపు చదునుగా ఉందా?" దాదాపు చదునే అన్నాను. "దాదాపు అంటే ఎంత?" అన్నారు. నూరు మీటర్లకు రెండు మీటర్లు కూడా లేవని లేసే చోట్లు కొన్ని ఉన్నాయి. అంటే ఒక్క డిగ్రీ. మనిషి కంటికి ఆనదు, నీళ్లకు మాత్రం బాగా తెలుస్తుంది. ఆ కొద్దిపాటి ఎగువకే ద్రవం వెనక్కి జారి పోగై మట్టం పెరుగుతుంది. చదునులో పొరలుగా పోయేది అక్కడ ముద్ద కడుతుంది.

పటంలోని గీతలు సర్వే రాళ్లు కావని ఆ రోజు తెలుసుకున్నాను. అవి గట్టు కూడా కాదు, బురద నేల. అటు ఇటు కొంత దూరం ఏ రకమైనా రావచ్చు. పిల్లలూ, మీ పుస్తకంలో ఏ సూత్రం కనిపించినా దాన్ని ఎవరు, దేనిమీద, ఏ హద్దుల్లో కొలిచి రాశారో అడగండి. పరీక్షలో ఆ ప్రశ్నకు మార్కులు ఉండకపోవచ్చు. పనిలో మొదటి ప్రశ్న అదే.

ఇప్పుడు మా నాయన రాయి లెక్క చూద్దాం. పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. ముద్ద కడుతుందని తేలాక మూడు సంగతులు కావాలి: ఎంత వేగం, ఎంత పొడవు, ఎంత దెబ్బ.

వేగం: గాలి, నీళ్లు రెండింటి ప్రవాహాన్నీ కలిపి గొట్టం అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే మిశ్రమ వేగం వస్తుంది. ముద్ద ముందు అంచు దానికి సుమారు 1.2 రెట్లు వేగంతో పోతుంది. దారిలోని నీళ్లను మింగుతూ పోతుంది కాబట్టి అంచుకు ఆ అదనపు వేగం.

పొడవు: చిన్న పైపుల్లో నిలదొక్కుకున్న ముద్ద సుమారు 30 వ్యాసాల పొడవుంటుంది. రెండంగుళాల పైపులో ఒకటిన్నర మీటరు. పెద్ద పైపుల్లో ఈ లెక్క చెల్లదు, అక్కడ ముద్దలు వందల మీటర్లు కూడా ఉండవచ్చు.

దెబ్బ: ముద్దలోనూ కొన్ని బుడగలు ఉంటాయి. సెకనుకు 3 మీటర్ల మిశ్రమ వేగం దగ్గర ముద్దలో సుమారు 80 శాతం నీళ్లని 1978 నాటి గ్రెగరీ, నికల్సన్, అజీజ్ సూత్రం చెబుతుంది. లంబకోణంలో తిరిగే మలుపు మీద బలం అంటే సాంద్రత, వైశాల్యం, వేగం వర్గం, ఈ మూడింటి లబ్ధాన్ని 1.41తో గుణించాలి. రెండంగుళాల పైపుకు 20 న్యూటన్లు వస్తుంది. అంటే రెండు కిలోల బరువు. హఠాత్తుగా పడే దెబ్బ కాబట్టి ఇంజినీర్లు దాన్ని రెట్టింపు చేసి చూస్తారు. నాలుగు కిలోలు. తేలికపాటి ప్లాస్టిక్ పైపు ఎగిరిందంటే ఆశ్చర్యం లేదు. మా నాయన రాయి నాలుగు కిలోలకు పైనే ఉంటుంది.

ఇదే లెక్క రెండడుగుల గొట్టానికి, సెకనుకు 4 మీటర్ల వేగానికి వేయండి. దాదాపు 480 కిలోల బరువు వస్తుంది. రెట్టిస్తే దాదాపు టన్ను. ప్రతి ముద్దకూ ఒకసారి, రాత్రింబవళ్లు, ఏళ్ల తరబడి. అందుకే మలుపుల దగ్గర ఆధారాలు గట్టిగా కట్టాలి. గొట్టం చివర స్లగ్ క్యాచర్ అనే పెద్ద పాత్రను, లేదా పక్కపక్కన పడుకోబెట్టిన పొడవాటి గొట్టాల వరుసను పెట్టాలి. ముద్ద మొత్తం అందులో ఒదిగిపోవాలి. కాకినాడ దగ్గర గాడిమొగ తీరానికి 2009 ఏప్రిల్‌లో కేజీ-డీ6 సముద్రగర్భ వాయువు వచ్చినప్పుడు మనమంతా పత్రికల్లో చదివాం. లోతు సముద్రం నుంచి ఒడ్డుకు ఎక్కే అలాంటి గొట్టాల్లో ద్రవం ఎప్పుడు, ఎంత వస్తుందన్న లెక్క లేకుండా ఒక్క అడుగు వేయలేరు.

ముద్ద కట్టకపోయినా, గొట్టం అడుగున ద్రవం నిలిచిపోవడం ఇంకో ప్రమాదం. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ సంస్థ వాయువు గొట్టం పగిలి మంటలు లేచాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో నీళ్లూ ద్రవాలూ కలిసిన తడి వాయువు పోతూ ఉండిందని, లోపలి తుప్పు గొట్టాన్ని తినేసిందని విచారణలో బయటపడింది. నిలిచిన నీరు ఎక్కడుందో తెలుసుకోవడం ఏదో పుస్తకాల విద్య అనుకోకండి. దాని మీద ఊళ్లు ఆధారపడి ఉంటాయి.

మన దగ్గరికే వద్దాం. బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం ద్వారా కోలారు వైపు చెరువులకు, చింతామణి తాలూకా చెరువులకు చేరుతున్నాయి. చిక్కబళ్లాపురం చెరువులకు హెచ్.ఎన్. వ్యాలీ పథకం ఉంది. ఇక్కడ కథ తిరగబడుతుంది. గొట్టం నిండా నీళ్లే, గాలి చుట్టంలా వస్తుంది. మన నేల మిట్టలూ పల్లాలూ కదా, గాలి మిట్ట దగ్గర గొట్టం పైభాగంలో చిక్కుకుని నీటి దారిని ఇరుకు చేస్తుంది. పంపు ఎంత తోసినా నీళ్లు తగ్గిపోతాయి. అందుకే మిట్టల మీద గాలిని వదిలే కవాటాలు పెడతారు. ఎవరైనా ఆ కవాటాన్ని పాడుచేస్తుంటే వద్దని చెప్పండి. మన చెరువుకు వచ్చే నీళ్లకు అది ముక్కులాంటిది.

"ఇదంతా ఇప్పుడు కంప్యూటరు చేస్తుంది కదా" అని మీరు అడగవచ్చు. చేస్తుంది. నార్వే వాళ్లు 1980ల్లో ఓల్గా అనే ప్రోగ్రాం తయారు చేశారు. అది గొట్టాన్ని ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలో ద్రవం, వాయువు ఎంతెంత ఉన్నాయో క్షణక్షణం కడుతుంది. కానీ దాన్ని నమ్మడానికి ముందు వాళ్లు ఏం చేశారో చూడండి. టిల్లర్ అనే చోట ఎనిమిది అంగుళాల వ్యాసంతో దాదాపు కిలోమీటరు పొడవున నిజమైన గొట్టం వేసి, ఏళ్ల తరబడి కొలిచారు. కొలవకుండా కట్టిన లెక్క జోస్యమే అవుతుంది.

మళ్లీ మా నాయన దగ్గరికి వస్తాను. ఆయన కూడా కొలిచేవాడని నాకు ఆలస్యంగా అర్థమైంది. నీటి ముద్దకూ ముద్దకూ మధ్య మనసులో అంకెలు లెక్కపెట్టేవాడు. ఒక సంక్రాంతికి పది లెక్కపెట్టేలోగా ముద్ద వచ్చేది. శివరాత్రికి పదిహేను. ఉగాది నాటికి ఇరవై అయిదు. నీళ్లు కిందికి పోయేకొద్దీ గాలి ఎక్కువ, నీళ్లు తక్కువ, ముద్దల మధ్య ఎడం ఎక్కువ. "ఈ ఎండాకాలం దాటదు ఇది" అన్నాడు. ఆ ఏడు టమోటా నాటలేదు. నాటమని అమ్మా నేనూ పోరాం, పక్క చేలల్లో నాట్లు పడుతున్నాయి మరి. వైశాఖంలో బోరు గాలి తప్ప ఏమీ ఇవ్వలేదు. పక్క చేను వాళ్లు ఎండిపోతున్న పంట కోసం అప్పు చేసి కొత్త బోరు వేశారు. దుమ్ము వచ్చింది. మా నాయన దగ్గర విత్తనాలకూ ఎరువులకూ పెట్టని డబ్బు మిగిలింది. దానికి ఇలాంటి ఒక ట్రస్టు ఇచ్చిన ఉపకార వేతనం తోడైంది. ఆ రెండూ కలిసి నా కాలేజీ ఫీజు.

ఆయనకు తైటెల్, డక్లర్ పేర్లు తెలియవు. కానీ ఆయన చూశాడు, కొలిచాడు, కొలత ఏం చెబుతుందో ఒప్పుకున్నాడు, ఇష్టం లేకపోయినా దాని ప్రకారం నడిచాడు. నేను డిగ్రీ తీసుకుని, పటం తీసుకుని, నాకు కావలసిన జవాబు రాగానే ఆగిపోయాను. ఆ తేడాను ఎవరికీ దాచకుండా చెప్పాలనే ఈ రోజు వచ్చాను.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు అంటూ తడబడుతుంటే కంగారుపడకండి. మీ చేనిలో, మీ వంటింట్లో, మీ మగ్గం దగ్గర జరిగే పనిని వాళ్ల చేత గమనింపజేయండి. పాఠానికి తాళం చెవి అక్కడ ఉంటుంది. ఫీజు కట్టడమొక్కటే మీ వంతు అనుకోకండి.

పిల్లలకు ఒక మాట. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ముద్దేనహళ్లి ఇక్కడికి దగ్గరే. పెద్దల ఊరు ఆంధ్రదేశంలోని మోక్షగుండం. చిన్నతనంలోనే తండ్రి పోతే, బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదివారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూణేలో ఇంజినీరింగ్ పూర్తి చేశారు. ఆ వేతనం లేకపోతే ఆ ఇంజినీరు లేరు. ఈ రోజు మీ చేతికిచ్చే కవరు చిన్నదే కావచ్చు, దాని వరుస మాత్రం పెద్దది.

ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. లోపలిది కనిపించే సన్న ప్లాస్టిక్ గొట్టం ఒక గజం కొనండి. సగం దాకా నీళ్లు నింపి నేల మీద చదునుగా పెట్టి ఒక చివర మెల్లగా ఊదండి. ఇంకొంచెం గట్టిగా ఊదండి. తరువాత ఆ చివరను వేలెడు ఎత్తు చేసి చూడండి. ఎప్పుడు ముద్ద కట్టిందో కాగితం మీద రాయండి. వచ్చే ఏడాది సభకు ఆ కాగితం తెస్తే నేను చూస్తాను. లెక్క తప్పినా ఫరవాలేదు, కొలిచింది మాత్రం ఉన్నదున్నట్టు రాయండి.